సిప్రో పెరట్లో దీపం

పలుగు చప్పుడు విని ఫినా కట్టుడు పళ్ళు చేసే కొట్లోంచి పెరట్లోకి వచ్చింది. చేతుల మీద ప్లాస్టరు ఇంకా ఆరలేదు. సముద్రం వైపు గోడ దగ్గర ఇద్దరు మనుషులు గొయ్యి తవ్వుతున్నారు. ఆ చోట ఎప్పుడూ ఉండే పేము కుర్చీని ఎత్తి కొబ్బరి మట్టల గుట్ట మీద పడేశారు. టెలిస్కోపును కూడా పక్కకి జరిపారు. గోనెపట్టా కప్పుకుని, ఎవరో తిట్టిన పిల్లలా అది గోడకి ఒదిగి ఉంది.

"కుర్చీ ఎవరు తీశారు?"

"అడ్డం వచ్చింది నాంగ్," అన్నాడు గోతిలో ఉన్నవాడు, ఊళ్ళో పెద్దక్కల్ని పిలిచే మాటతో, చెమట తుడుచుకుంటూ. "గొయ్యి ఇక్కడే రావాలని కాప్ గీత గీసి మరీ వెళ్ళాడు."

"దేనికి గొయ్యి?"

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. అది చెప్పడం తమ పని కాదన్నట్టు మళ్ళీ పలుగు ఎత్తారు.

చెప్పాల్సిన మనిషి కాసేపటికి వచ్చాడు. దెన్సియో ఆ ఊరికి కెప్టెన్, అంటే ఊరి పెద్ద; అందరికీ కాప్. పాంపాంగ్‌లో పెళ్ళయినా చావయినా ముందు కుర్చీలు అతని ఇంటి నుంచే వస్తాయి. ఫినావాళ్ళ అన్న సిప్రో పోయినప్పుడు శవపేటిక తెచ్చింది అతనే. జాగారానికి వచ్చినవాళ్ళకి కాఫీ, పేకాడేవాళ్ళకి బల్లలు, సమాధుల తోట దాకా జీపు, అన్నీ దగ్గరుండి చూశాడు. ఇప్పుడు చంకలో చుట్టిన కాగితం, మొహం నిండా నవ్వు. ఆ నవ్వులో ముందు మూడు పళ్ళు సిప్రో చేసినవి.

"ముందే చెబితే ఏడుస్తావని చెప్పలేదు నాంగ్ ఫినా," అంటూ కాగితం విప్పాడు.

పొడుగాటి సిమెంటు స్తంభం, పైన పెద్ద దీపం, కింద ఇత్తడి పలక. పలక మీద చెక్కించబోయే మాటల్ని వేలితో చూపించాడు. నక్షత్రాల మనిషి సిప్రియానో జ్ఞాపకంగా ఊరు పెట్టిన వెలుగు. దాని కింద, అంతకన్నా కాస్త పెద్ద అక్షరాల్లో, కెప్టెన్ పేరు.

"తొమ్మిదో రోజు ప్రార్థన అయ్యాక మేయరే వచ్చి స్విచ్ వేస్తాడు. రేవులో ఉన్న దీపం దీని ముందు మిణుగురు పురుగు. పడవలవాళ్ళకి అంత దూరం నుంచి కనబడుతుంది."

ఫినా ఆ బొమ్మ వంక చూసింది. "రోడ్డు వైపు పెట్టకూడదా కాప్?"

"రోడ్డు వైపు ఉందిగా ఒకటి! ఆయన కూర్చున్న చోటు ఇదీ. పాపం జీవితమంతా చీకట్లోనే కూర్చున్నాడు."

"కూర్చుని కూర్చుని కళ్ళు పోగొట్టుకున్నాడు," అంది నాంగ్ తాసింగ్. ఆవిడ ఊళ్ళో ప్రార్థనలు చెప్పే ముసలమ్మ. సాయంత్రానికి పూలు కోసుకుపోదామని వచ్చి, ఒళ్ళో మందారాలతో ఆగి వింటోంది. "ఇన్నాళ్ళకి ఆ చోట దీపం పడుతోంది. ఆత్మ చల్లబడుతుంది."

ఫినా చేతుల్ని లంగాకి తుడుచుకుంది. ప్లాస్టరు తెల్లటి చారలు కట్టింది. శవపేటిక తెచ్చిన మనిషికి వద్దని ఎలా చెప్పాలో ఆమెకి తెలియలేదు.

"సంతోషం కాప్," అంది.

సాయంత్రం ప్రార్థనకి ముందుగది నిండిపోయింది. ఇల్లు ఊడవకూడదు గనక వచ్చినవాళ్ళ కాళ్ళ ఇసక నేలంతా పరుచుకుని, నడిస్తే కరకరమంటోంది. తొమ్మిదో రోజు దాకా పోయినవాడు ఇంట్లోనే ఉంటాడు. ఊడిస్తే అతన్ని గడప అవతలికి తోసినట్టే. బల్ల మీద సిప్రో పళ్ళెంలో అన్నం, ఎండు చేప, పక్కన కాఫీ పెట్టారు. జపమాల ముగిశాక కొబ్బరిపాలు, బెల్లం వేసి వండిన బీకో ముక్కలు అరటాకుల్లో చేతులు మారాయి. నోళ్ళు తీపి కాగానే పోయినవాడి కబుర్లు మొదలయ్యాయి.

"పెట్రోమాక్స్ లైటుతో ఒడ్డెక్కానా, గోడ మీంచి ఒకటే కేకలు," అన్నాడు ఒక పడవ మనిషి. "ఆర్పరా వెధవా, నా చుక్క పారిపోతుంది అని. చుక్కేమన్నా పీతా, పారిపోడానికి?"

అందరూ నవ్వారు. దెన్సియో అందరికన్నా గట్టిగా నవ్వాడు. "నా టార్చి లాక్కుని సముద్రంలో గిరాటేశాడు. అప్పటికి నాకు మీసం కూడా రాలేదు. కొత్త టార్చి!"

"పెళ్ళి చేసుకోరా అని మీ అమ్మ కాళ్ళావేళ్ళా పడింది," అంది తాసింగ్, ఫినా వైపు తిరిగి. "సాయంత్రమైతే మొగుడు పెరట్లో ఉంటానంటే ఏ ఆడది ఒప్పుకుంటుందమ్మా? నువ్వూ అంతే ఇందాయ్, పిచ్చి తల్లీ. ఆయనకి కాగితం, కలం పట్టుకుని కూర్చునే జుట్టు నెరిపేసుకున్నావు."

"అలవాటైపోయింది నాంగ్," అంది ఫినా కాఫీ వంపుతూ.

కాగితం, కలం పట్టుకున్న మాట నిజమే. కానీ అది రెండేళ్ళ కిందటి దాకా. సిప్రో కళ్ళకి పొర కమ్మాక అన్నాచెల్లెళ్ళు చోట్లు మార్చుకున్నారు. ఆయన కుర్చీలో కూర్చుని, ఎర్రగుడ్డ చుట్టిన టార్చి మోకాలి మీద పెట్టుకుని, కళ్ళకి భూతద్దం ఆనించుకుని పెద్ద పెద్ద అంకెలు రాసేవాడు. ఆమె టెలిస్కోపులో చుక్కల వెలుగు చూసి అంకెలు చెప్పేది. దూరదేశంలో ఆ లెక్కలు పోగుచేసేవాళ్ళకి పంపే కాగితాల్లో చూసినవారి పేరు మార్చి ఆమె పేరు రాయించాడు సిప్రో. ఊళ్ళో ఎవరికీ ఈ సంగతి తెలియదు. ఎవరూ అడగలేదు.

వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళారు. ఆఖరి చెప్పుల చప్పుడు రోడ్డెక్కాక ఫినా లోపలి దీపాలన్నీ ఆర్పి పెరట్లోకి నడిచింది. మట్టల గుట్ట మీంచి కుర్చీ దించి గొయ్యి అంచున వేసింది. టెలిస్కోపు మీది గోనెపట్టా తీసింది.

ధనుస్సు అప్పుడే సముద్రం మీదికి వాలుతోంది. రోజు రోజుకీ కిందికి దిగిపోతోంది. మరి కొన్ని వారాల్లో సాయంత్రపు వెలుతురులో కలిసిపోతే మళ్ళీ వచ్చే ఏడాది దాకా అందదు. ఆ ధనుస్సులోనే ఉంది సిప్రో చుక్క. నెలల తరబడి నిలకడగా వెలిగి, ఉన్నట్టుండి తనలోంచి తనే మసి కక్కుకుని, ఆ మసి వెనక మాయమవుతుంది. మళ్ళీ ఎప్పుడు బయటపడుతుందో ఎవరూ చెప్పలేరు. సిప్రో దాన్ని మసిచుక్క అనేవాడు. వానలకి ముందు మరుగున పడిన చుక్క ఇంకా తిరిగి రాలేదు. 'వచ్చేటప్పుడు చూడాలి ఫినా, వచ్చాక ఎవడైనా చూస్తాడు,' అని ఆఖరికి మంచాన పడ్డాక కూడా అదే మాట.

ఆమె కన్ను ఆనించింది. చీకటి అలవాటయ్యే దాకా ఊపిరి నెమ్మదిగా తీసింది. కనిపించలేదని ఊరికే చెబితే సిప్రో ఒప్పుకునేవాడు కాదు. చుక్క ఉండాల్సిన చోటు చుట్టూ వెలుగు ఎంతో ముందే లెక్క తెలిసిన చుక్కలుంటాయి. వాటిలో అన్నిటికన్నా మసకది ఏది కనిపించిందో దాని అంకె చెప్పాలి. మన చుక్క దానికన్నా మసక అని అర్థం. చూడకపోవడం వేరు, చూస్తే కనబడకపోవడం వేరు అనేవాడు. అంకెలు మాత్రం సంతలో బేరానికీ, చర్చి గంటలకీ వాడే పాత స్పానిష్ మాటల్లోనే చెప్పుకునేవాళ్ళు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న నేర్పిన లెక్క అది.

"కనిపించలేదు," అంది ఫినా. "ఓన్సె సియెతె కన్నా మసక."

పదకొండు, ఏడు. అలవాటుగా ఆగింది. చూసిన మనిషి చెప్పిన అంకెని రాసే మనిషి తిరిగి చెప్పాలి. అప్పుడే అది ఖాయం.

"ఓన్సె సియెతె," అంది వెనక నుంచి గొంతు. ఆ వెంటనే, గొంతులో ఇసక పడ్డట్టు, చిన్న దగ్గు.

ఫినా కన్ను తియ్యలేదు. భయం వెయ్యలేదు. ఎదురుచూస్తున్న మనిషి తలుపు తట్టినప్పుడు లోపల కదిలేదే కదిలింది. వెనక్కి తిరిగితే కుర్చీ కనబడుతుంది. తిరగకపోతే ఇంకా ఏదీ తేలదు. అలల మీంచి వచ్చిన గాలి గోనెపట్టాని కదిపింది. చాలాసేపటి తర్వాత, నేల వంకే చూస్తూ, తడుముకుని కాగితం తీసుకుని అంకె రాసింది.

మర్నాడు గోతిలో స్తంభం నిలబెట్టారు. సిమెంటు పోసి, చుట్టూ కర్రలు ఆసరా ఇచ్చారు. ఫినా కొట్లో కూర్చుని ఎవరిదో కింది దవడ అచ్చుకి మైనం పరుస్తూ, కిటికీలోంచి ఆ స్తంభం నీడ పెరట్లో ఒక వైపు నుంచి ఇంకో వైపుకి జరగడం చూసింది. సాయంత్రమైతే ప్రార్థన ఎప్పుడు ముగుస్తుందా అని ఆమె వేళ్ళు పూసల మీద తొందరపడేవి.

"నెమ్మది ఇందాయ్," అని తాసింగ్ కసిరింది. "మేరీమాత ఎక్కడికీ పోదు."

ఆ సాయంత్రం కూడా చూసి అంకె చెప్పింది. గొంతు తిరిగి చెప్పింది, దగ్గింది. ఆ మర్నాడూ అంతే. ఆమె రోజంతా ఆ ఒక్క మాట కోసం దాచుకున్నట్టు ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు. బల్ల మీద పళ్ళెంలో చేప మార్చింది, కాఫీ మార్చింది. ఎలుకలో చీమలో, పళ్ళెంలో అన్నం అంచున కొద్దిగా తగ్గినట్టుండేది. దాని గురించి ఆలోచించలేదు.

ఏడో రోజు సాయంత్రం ఆమె తప్పు చేసింది.

చుక్కలు చూసే పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిన తప్పే. పంటి రంగు చూసేటప్పుడూ సిప్రో అదే చెప్పేవాడు: గుటక వేసినంత సేపు చూడు, తల తిప్పెయ్యి, మళ్ళీ చూడు, చూపు అక్కడే పాతేస్తే కన్ను నీకు కావలసిన రంగే చూపిస్తుంది. ఆ సాయంత్రం ఫినా తల తిప్పలేదు. మసిచుక్క ఉండాల్సిన చోటే చూస్తూ ఉండిపోయింది. కంట్లో నీరు తిరిగింది. తుడుచుకుని మళ్ళీ చూసింది. స్తంభం పైన దీపం బిగించేశారు. ఇంకా మిగిలింది ఎన్ని సాయంత్రాలు? రాకూడదా, ఆయన ఇంట్లో ఉండగానే రాకూడదా అని చూసింది. కాసేపటికి అక్కడ ఏదో మెదిలింది. పిండి రేణువంత వెలుగు. పోయింది. మళ్ళీ వచ్చింది.

"కనిపించింది!" అంది. "నోంగ్, అన్నయ్యా, వచ్చింది! ఓన్సె సింకో!" పదకొండు, ఐదు; అంకె తగ్గితే వెలుగు ఎక్కువ.

ఆగింది.

కెరటం వచ్చి గోడని కొట్టి వెనక్కి పోయింది. ఇంకొకటి వచ్చింది. వెనక నుంచి మాట లేదు. దగ్గు లేదు.

ఆ మౌనం ఆమెకి కొత్తది కాదు. రెండేళ్ళుగా, ఆమె చెప్పిన అంకె మీద నమ్మకం లేనప్పుడల్లా సిప్రో ఇలాగే చేసేవాడు. తప్పనడు, తిట్టడు. తిరిగి చెప్పడు, అంతే. ఆమె కళ్ళు మూసుకుని, కాసేపు సముద్రం వైపు మొహం పెట్టి, మళ్ళీ ఆనించింది. అక్కడ ఏమీ లేదు. సరైన మాట చెబుదామని నోరు తెరిచే లోపల నీటి మీంచి మబ్బు లేచి ధనుస్సుని మింగేసింది. కాగితం మీద ఏమీ రాయకుండానే లోపలికి వెళ్ళింది. రేపు చెబుతానులే అనుకుంది. చీకటి ఇంకొక్క సాయంత్రం ఉంది.

ఆ ఒక్క సాయంత్రం పొద్దు కుంకే వేళకి కొట్టు వెనక తలుపు ఎవరో గోకినట్టు కొట్టారు. తీస్తే దెన్సియో. నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, దొంగలా అటూ ఇటూ చూస్తూ లోపలికి దూరాడు.

"తలుపెయ్యి నాంగ్. లైటు వెయ్యకు, రోడ్డు మీద జనం ఉన్నారు." మాటలు గాలి పోయి, బుస్సుమంటూ వచ్చాయి.

అతను రుమాలు విప్పాడు. కట్టుడు పళ్ళు రెండు ముక్కలై ఉన్నాయి. నడిమి పన్ను లేదు.

"ఏం తిన్నారు కాప్?"

"కాల్చిన మొక్కజొన్న కండె. నవ్వకు! మధ్యది మింగేశాననుకుంటా. రేపు మేయరొస్తున్నాడు, నేను మాట్లాడాలి. ఈ నోటితో ఊళ్ళో ఎవరికైనా కనబడితే వచ్చే ఎన్నికల దాకా చెప్పుకు నవ్వుతారు."

ఫినా నవ్వలేదు. కిటికీ వంక చూసింది. పడమట ఇంకా కాస్త వెలుతురు ఉంది. "ఇలా వచ్చి కూర్చోండి. రంగు చూడాలి, పొద్దు పోతే కుదరదు." రకరకాల రంగుల నమూనా పళ్ళ వరసని అతని సొంత పన్ను పక్కన పెట్టి, చూసి, తల తిప్పి గోడకి వేలాడే నీలం గుడ్డని చూసింది. మళ్ళీ చూసింది. దీనికీ దీనికీ మధ్య. దీనికే దగ్గర. పెట్టె సొరుగులోంచి ఒక పన్ను ఏరింది. విరిగిన ముక్కల్ని అంచులు కలిపి మైనంతో అంటించి, అడుగున ప్లాస్టరు పోసింది.

"ఇది గట్టిపడాలి. ఆ తర్వాతే అతకడం. పెరట్లో కూర్చోండి, అక్కడ ఎవరూ చూడరు."

అప్పటికి చీకటి పడింది. ఆ రోజు ప్రార్థన తాసింగ్ ఇంట్లో పెట్టుకున్నారు, మర్నాటి వంటకి ఇక్కడ గిన్నెలూ పొయ్యిలూ సర్దాలని. పెరట్లో ఇద్దరే. దెన్సియో కుర్చీ వంక చూసి, అందులో కూర్చోకుండా, స్తంభం అడుగున ఉన్న దిమ్మ మీద కూర్చున్నాడు. ఫినా గోడకి ఆనుకుని నిలబడింది. అతని మొహం ఉన్న చోట చీకటి తప్ప ఏమీ కనబడటం లేదు. కాసేపటికి అతను రుమాలు తీసేసిన చప్పుడు వినబడింది. హాయిగా ఊపిరి వదిలాడు.

"ఇక్కడ బాగుంది," అన్నాడు. "ఎవడూ నా మొహం చూడడు."

"రేపట్నుంచి కనబడుతుంది," అంది ఫినా.

"నీకు ఈ దీపం ఇష్టం లేదా నాంగ్?"

"లేదు."

"మరి ఆ రోజే చెప్పొచ్చుగా!"

"ఎలా చెప్పను? మా అన్నని పెట్టెలో పెట్టిన చేతులు మీవి."

"అది వేరు, ఇది వేరు." అతని గొంతులో నిజంగానే నొప్పి ఉంది. "నేను ఆయన పేరు నిలబెడదామనే చేశా. ఆయనే లేనప్పుడు ఇక్కడ చీకటి ఎవరికి నాంగ్?"

"నాకు."

ఆ మాట అన్నాక ఆమెకి మిగతాది తేలికైంది. "రెండేళ్ళుగా అందులో చూస్తున్నది నేనే దెన్సియో. ఆయన కుర్చీలో కూర్చుని రాసేవాడు. ఒక చుక్క మరుగున పడింది. అది మళ్ళీ వచ్చేటప్పుడు చూడాలి. ఆ దీపం కింద నుంచుంటే చందమామని కూడా వెతుక్కోవాలి."

ఆమె అతన్ని పేరుతో పిలిచి ఎన్నేళ్ళయిందో. అతను తల పైకెత్తినట్టున్నాడు. మాట పైవైపు నుంచి వచ్చింది. "ఇన్ని ఉన్నాయేంటి ఇక్కడ," అని గొణిగాడు. ఆ తర్వాత, "మేయరుకి చెప్పేశాను. గోడలకి కాగితాలు అంటించారు."

"తెలుసు."

"నా పళ్ళు నీ దగ్గర ఉన్నాయి. రేపటికి కాలేదని చెప్పు. నేను నోరు తెరవలేను, మేయరు రాడు, దీపం వెలగదు."

ఫినా దాని గురించి అప్పటికే ఆలోచించింది. ప్లాస్టరు కలుపుతున్నప్పుడే ఆలోచించింది. "అవి అన్న చేసిన పళ్ళు," అంది. "వాటిని సగంలో వదల్లేను."

లోపలికి వెళ్ళి విరిగిన అంచుల్ని రాపిడి పెట్టి గరుకు చేసింది. గులాబిరంగు పొడిలో ఘాటైన ద్రవం చుక్కలు చుక్కలుగా వేసి, సందులో నింపి, కొత్త పన్ను నిలబెట్టి, గట్టిపడేందుకు దాన్ని ప్రెషర్ కుక్కరు నీళ్ళలో పెట్టి మూత బిగించింది. ఆ ఘాటుకి కళ్ళు మండాయి. కిటికీలోంచి చూస్తే ధనుస్సు కొన నీళ్ళకి తగులుతోంది. చేతిలో పని వదలడానికి లేదు. పళ్ళకి మెరుగు పట్టి, కడిగి, అతని నోట్లో పెట్టే సరికి పడమట చుక్కలన్నీ మారిపోయాయి.

"నా వెంట చెప్పండి. సెసెంతా సెయిస్."

సిప్రో ఎవరికి పళ్ళు పెట్టినా ఇదే పరీక్ష. అరవై ఆరు, అరవై ఏడు అని అంకెలు చెప్పించేవాడు, మాట ఈల వేస్తే పన్ను అంచు ఎక్కువున్నట్టు. దెన్సియో చెప్పాడు. ఈల వేసింది. తీసి, అంచు రెండు రాపిళ్ళు తగ్గించి మళ్ళీ పెట్టింది.

"సెసెంతా సియెతె."

"సెసెంతా సియెతె," అన్నాడతను శుభ్రంగా. అద్దంలో చూసుకున్నాడు. రుమాలు జేబులో కుక్కుకుని వెనక తలుపులోంచి వెళ్ళిపోయాడు.

తొమ్మిదో సాయంత్రం ఊరంతా అక్కడే ఉంది. పెరడు చాలక గోడ మీద కూర్చున్నారు. సిప్రో పళ్ళెంలో ఆ రోజు పంది మాంసం, పాన్సిత్ సేమ్యా, బీకో పెట్టారు. తాసింగ్ ఆఖరి ప్రార్థన గొంతు పూర్తిగా ఎత్తి చెప్పింది. ఇక వెళ్ళు నాయనా, దారి వెలుగుగా ఉంది అని. మేయరు కారు దిగాడు. దెన్సియో ప్రసంగించాడు. ప్రతి మాటా గంట కొట్టినట్టు వచ్చింది. ఫినా వైపు మాత్రం చూడలేదు.

మేయరు స్విచ్ వేశాడు.

పెరడు తెల్లగా ఉడికిపోయింది. జనం ఒక్కసారిగా ఓ అన్నారు. కొబ్బరాకుల ఈనెలు, గోడ పగుళ్ళు, మనుషుల చెంపల మీద చెమట, అన్నీ బయటపడ్డాయి. పైన ఆకాశం నల్లటి మూతలా దగ్గరికి వచ్చేసింది. పేము కుర్చీ వెలుతురులో చిన్నదైపోయింది. అడుగున నాలుగైదు పోగులు తెగి వేలాడుతున్నాయి, ఒక కాలికి గుడ్డ చుట్టి ఉంది. అందులో ఎవరూ కూర్చోవడానికి చోటే లేదన్నట్టుంది.

అంతలో సముద్రం వైపు నుంచి పెద్ద గోధుమరంగు చిమ్మట ఒకటి వచ్చి దీపానికి కొట్టుకుంది.

"వచ్చాడు!" అని అరిచింది తాసింగ్. "సిప్రో చిమ్మటై వచ్చాడు చూడండి! తన దీపం చూసుకోడానికి!"

అందరూ శిలువ గుర్తు వేసుకున్నారు. కొందరు ఏడ్చారు. చిమ్మట అద్దానికి టపటపా కొట్టుకుంటూనే ఉంది. ఫినా దాన్ని చూస్తూ నిలబడింది. దీపం చూసి వచ్చేవాడు కాదు తన అన్న. దీపం చూసి తిట్టుకుంటూ గోడ అవతలికి పోయేవాడు. అలా పోయే ఉంటాడు, తను చెప్పాల్సిన సరైన మాట వినకుండానే.

మర్నాడు ఆమె ఇల్లు ఊడ్చింది. తొమ్మిది రోజుల ఇసక గడపలో కుప్పయింది. చాలాసేపు చీపురు పట్టుకుని దాన్ని చూసి, చేటలోకి ఎత్తి, సముద్రం ఒడ్డున పోసి వచ్చింది. పళ్ళెం కడిగి బోర్లించింది.

పొద్దు కుంకింది. దీపం దానంతటదే వెలిగింది. ఫినా టెలిస్కోపుని ఇంటి వెనక్కి ఈడ్చుకెళ్ళి చూసింది. అక్కడ కొబ్బరి చెట్లు పడమటి ఆకాశాన్ని పూర్తిగా మూసేశాయి. మళ్ళీ ఈడ్చుకొచ్చింది. గోడ పక్కన, వెలుతురులో, ఏం చెయ్యాలో తెలియక నిలబడింది.

గేటు చప్పుడైంది. దెన్సియో నిక్కరు, బనీను మీద వచ్చాడు. చేతిలో తాళంచెవి. స్తంభానికి ఉన్న ఇనప పెట్టె తెరిచి స్విచ్ దింపాడు.

చీకటి పెరడంతా నీళ్ళలా నిండింది.

"వైరు వదులుగా ఉంది," అన్నాడు. "ఊళ్ళో చెప్పా. వేలు పెడితే షాక్ కొడుతుందని కూడా చెప్పా. మేయరొచ్చినప్పుడు వెలుగుతుంది, ఊరి పండక్కి వెలుగుతుంది. మిగతా రోజులు వైరు వదులే." పెట్టెకి తాళం వేస్తూ, "పలక మాత్రం ఉంటుంది. దానికి ఒప్పుకో," అన్నాడు.

"ఉండనీ," అంది ఫినా.

అతను వెళ్ళలేదు. దిమ్మ మీద కూర్చున్న చప్పుడు వినబడింది. ఫినా కళ్ళు మూసుకుని, దీపం మచ్చ కంట్లోంచి పోయే దాకా ఆగింది. అప్పుడు కన్ను ఆనించింది. ధనుస్సు బాగా కిందికి దిగింది. చుక్కలు నీటి ఆవిరిలో వణుకుతున్నాయి. చూసింది, తల తిప్పింది. మళ్ళీ చూసింది. కావాలనుకోకుండా చూడటం కష్టంగా ఉంది. పిండి రేణువంత వెలుగు ఎక్కడా లేదు.

"కనిపించలేదు," అంది. "ఓన్సె సియెతె కన్నా మసక."

ఆగింది.

కుర్చీలోంచి ఏమీ రాలేదు. ఒక కెరటం కొట్టింది. ఇంకొకటి. ఇది అలిగిన మౌనం కాదు. అలిగిన మౌనంలో ఒక మనిషి ఉంటాడు. ఇందులో ఎవరూ లేరు. ఊడ్చిన గదిలా ఉంది.

"ఓన్సె సియెతె," అంది గొంతు.

దెన్సియోది. మొన్న పళ్ళు పెట్టి అంకెలు వెంట చెప్పించిన అలవాటున చెప్పాడో, అడిగితే సరిగ్గా చెప్పాలని గుర్తు పెట్టుకుంటున్నాడో. మాట ఎక్కడా ఈల వెయ్యకుండా, అంచులు నున్నగా, సిప్రో అమర్చిన పళ్ళ మధ్య నుంచి వచ్చింది.

ఫినా టెలిస్కోపు మీది చెయ్యి తియ్యలేదు.

"మళ్ళీ చెప్పు," అంది.

"ఓన్సె సియెతె. ఏం నాంగ్, పళ్ళు సరిగ్గా లేవా?"

"సరిగ్గానే ఉన్నాయి," అంది ఫినా, తడుముకుని కాగితం అందుకుంటూ. అంకె రాసింది.